“వాడు కాకపోతే ఇంకొకడు” – ఈ మాట మీరు నమ్ముతారా?

ఇసుకగడియారం
చాన్నాళ్లుగా మింగుడుపడని విషయం ఒకటుంది. చరిత్రలో ఎవరి గురించి మాట్లాడినా చివరికి ఎవరో ఒకరు “ఆయన కాకపోతే ఇంకొకాయన చేసేవాడు లెండి, కాలం కలిసొచ్చింది” అనేస్తారు. మంచి పనికీ అదే మాట, చెడ్డ పనికీ అదే మాట. మంచి చేసినవాడికి దక్కాల్సిన గౌరవాన్ని ఆ మాట సగానికి కోసేస్తుంది. చెడు చేసినవాడి పాపాన్ని మాత్రం పూర్తిగా కడిగేస్తుంది.

జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్‌నే తీసుకోండి. గాలిలోని నత్రజని నుంచి అమ్మోనియా తయారు చేయొచ్చని 1909లో చేసి చూపించాడు. కార్ల్ బాష్ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తెచ్చాడు. 1913లో జర్మనీలో ఒప్పావు దగ్గర ఉత్పత్తి మొదలైంది. ఇవాళ ప్రపంచంలో దాదాపు సగం మంది తిండి ఆ పద్ధతిలో తయారయ్యే ఎరువు మీదే ఆధారపడి ఉందని అంచనా. అదే హేబర్ మొదటి ప్రపంచయుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న, బెల్జియంలో ఈప్ర్ దగ్గర శత్రుసైన్యం మీద క్లోరిన్ విషవాయువు వదిలే దాడిని నడిపించాడు. 1918 రసాయనశాస్త్ర నోబెల్ కూడా ఆయనదే. ఈయన్ని ఏ ఖాతాలో రాయాలి? అమ్మోనియా ఇంకొకరు చేసి ఉండేవారేమో. విషవాయువు కూడా ఇంకొకరు వదిలేవారేనా?

మంచికో చెడుకో, నిజంగా ఒక్క మనిషి వల్ల సమాజం దారి మళ్లిన సందర్భాలు మీకు తెలిసినవి చెప్పండి. పేర్ల జాబితా రాసి వెళ్లిపోవద్దు. ఎందుకనుకుంటున్నారో కూడా రాయండి.

రెండోబెంచి
ఆ మాట నేను నమ్ముతాను. కలనగణితం (కాలిక్యులస్) న్యూటన్, లైబ్‌నిట్జ్ ఇద్దరూ ఎవరికి వారే కనిపెట్టారు. ప్రకృతివరణం (పరిసరాలకు తగిన జీవులే నిలిచే తీరు) గురించి వాలెస్ 1858లో డార్విన్‌కి ఉత్తరం రాసేనాటికి ఇద్దరి బుర్రలోనూ అదే ఆలోచన ఉంది. టెలిఫోన్ సంగతి మరీనూ. 1876 ఫిబ్రవరి 14న బెల్, ఎలీషా గ్రే ఇద్దరి కాగితాలూ ఒకే రోజు పేటెంటు ఆఫీసుకి చేరాయి. సరుకు సిద్ధమయ్యాక ఎవరో ఒకరు వండి తీరతారు. వ్యక్తిపూజ మనకు అలవాటు, అంతే.

చిలకపచ్చ
రెండోబెంచి గారూ, మీరు చెప్పినవన్నీ కనిపెట్టడాలే. చరిత్ర అంటే కనిపెట్టడం ఒక్కటేనా?

లెక్కలమాస్టారు
రెండోబెంచి చెప్పింది తప్పని అనను. కానీ ఆ వాదంలో ఒక లెక్క వదిలేశారు. ఇంకొకడు వస్తాడు, సరే. ఎప్పుడొస్తాడు?

వియన్నా ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్వెయిస్ అనే వైద్యుడి సంగతి చూడండి. అక్కడ రెండు ప్రసూతి విభాగాలు. ఒకదాంట్లో మంత్రసానులు పురుళ్లు పోసేవారు. రెండోదాంట్లో వైద్య విద్యార్థులు పోసేవారు, వాళ్లు శవపరీక్ష గదిలోంచి నేరుగా పురిటి గదిలోకి వచ్చేవాళ్లు. విద్యార్థుల విభాగంలో 1847 ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు చనిపోయారు. మే నెలలో ఆయన క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడగాలని పట్టుబట్టాడు. జూన్‌కి ఆ సంఖ్య 2 దగ్గరికి వచ్చింది. సూక్ష్మజీవుల సిద్ధాంతం అప్పటికి లేదు. తర్వాత పాశ్చర్ వచ్చాడు, లిస్టర్ వచ్చాడు, చేతులు కడగడం ఎలాగూ వచ్చేది. శస్త్రచికిత్సలో క్రిముల్ని చంపే తన పద్ధతిని లిస్టర్ ప్రచురించింది 1867లో. మధ్యలో ఇరవయ్యేళ్లు. ఆ ఇరవయ్యేళ్లలో పోయిన తల్లులకు “ఎలాగూ వచ్చేది” అన్న మాట ఏ సమాధానం చెబుతుంది?

నా దృష్టిలో ఒక మనిషి చేసిన మేలుని కొలవాలంటే “ఆయన లేకపోతే జరిగేదా” అని ఒక్కటే అడిగితే చాలదు, “ఎంత ఆలస్యంగా జరిగేది, ఆ ఆలస్యానికి ఎవరు బలయ్యేవారు” అని కూడా అడగాలి.

చిలకపచ్చ
మాస్టారూ, మంచి ఉదాహరణ. అందులో రెండో వైపు కూడా ఉంది. సెమ్మెల్వెయిస్ తన పని మీద పుస్తకం వేసింది 1861లో, అంటే పద్నాలుగేళ్ల తర్వాత. ఒప్పుకోని వైద్యుల్ని హంతకులంటూ బహిరంగ లేఖలు రాశాడు. వాళ్లు మొండివాళ్లే, అనుమానం లేదు. కానీ ఆయన ఇంకాస్త ముందే రాసి ఉంటే, వాళ్లని కలుపుకుపోయి ఉంటే? ఒక మనిషి స్వభావం వల్ల ఆయన చేసిన మేలు ఆగిపోయింది అని కూడా అనొచ్చు కదా.

లెక్కలమాస్టారు
అనొచ్చు. ఆయన 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు. ఆ మనిషి మీద కోపం పెట్టుకోలేను.

చిలకపచ్చ
కోపం కాదండీ, బాధ.

కొత్తనీరు
చెడు వైపు ఎవరూ రావట్లేదు కాబట్టి నేను మొదలుపెడతా. థామస్ మిడ్జ్‌లీ. ఈ పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఆయన పని తాలూకు ఫలితం తగలని మనిషి మాత్రం ఆ తరంలో లేడు.

1921లో జనరల్ మోటార్స్‌లో పనిచేస్తూ, ఇంజను టకటకలాడకుండా పెట్రోలులో టెట్రాఇథైల్ సీసం కలపొచ్చని కనిపెట్టాడు. సీసం విషమని రోమన్ల కాలం నుంచీ తెలుసు. ఆల్కహాలు కలిపినా ఆ పని జరుగుతుందని ఆయనకీ తెలుసు. 1924లో న్యూజెర్సీలో అది తయారుచేసే ఒక రిఫైనరీలో కార్మికులు మతి చలించి చనిపోయారు. అప్పుడు మిడ్జ్‌లీ విలేకరుల ముందు ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, వాసన పీల్చి చూపించాడు, ఏమీ కాదని. అంతకు ముందే తనకు సీసం విషప్రభావం తగిలి సెలవు మీద వెళ్లొచ్చిన మనిషి ఆయన! ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా ప్రపంచమంతా ఆ పొగ పీల్చింది. పిల్లల మెదళ్ల మీద సీసం చేసే దెబ్బ మళ్లీ బాగయ్యేది కాదు.

అదే మనిషి 1928లో ఫ్రిజ్‌ల కోసం క్లోరోఫ్లోరోకార్బన్ తయారు చేశాడు. అప్పటిదాకా ఫ్రిజ్‌లలో సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ లాంటివి వాడేవారు. లీకైతే ఇంట్లోవాళ్లు పోయేవారు. ఇది మండదు, విషం కాదు. అందరూ సంతోషించారు. ఓజోన్ పొరను తినేస్తుందని మోలినా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు చెప్పింది 1974లో. అప్పటికి మిడ్జ్‌లీ చనిపోయి ముప్పై ఏళ్లు.

ఈ రెండింటినీ జనం ఒకే గాటన కట్టి “భూమికి అత్యంత హాని చేసిన మనిషి” అని రాస్తుంటారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. రెండోది తెలియక చేసింది. మొదటిది తెలిసి చేసింది. జరిగిన నష్టం ఎంతో కొలిచేటప్పుడు రెండూ కలపండి. మనిషిని తూచేటప్పుడు విడదీయాలి.

గాలిపటం
చేతులు కడుక్కున్నాడన్నది నిజమా?? ఒళ్లు జలదరించింది.

కొత్తనీరు
నిజమే. ఆనాటి పత్రికల్లో వచ్చింది.

మౌనప్రేక్షకుడు
మామూలుగా చదివి వెళ్లిపోతుంటాను. సీసం మాట వచ్చింది కాబట్టి క్లెయిర్ ప్యాటర్సన్ గురించి చెప్పకుండా ఉండలేను.

ఈయన భూమి వయసు లెక్కగట్టడానికి ఉల్కల్లోని సీసం కొలిచేవాడు. ఎన్నిసార్లు కొలిచినా లెక్క పాడయ్యేది. గాలిలో, దుమ్ములో, తన జుట్టులో, ఎక్కడ చూసినా సీసమే. చివరికి దుమ్ము రేణువు కూడా దూరని ప్రయోగశాల కట్టించుకుని, 1956లో భూమి వయసు 455 కోట్ల సంవత్సరాలు అని ప్రచురించాడు. ఇప్పటికీ దాదాపు అదే లెక్క. అక్కడితో ఆగి ఉంటే చాలు, పేరు నిలిచిపోయేది. ఆయన మాత్రం “ఇంత సీసం ఎక్కణ్ణుంచి వస్తోంది?” అని వెంటపడ్డాడు. గ్రీన్‌లాండ్ మంచు పొరల్లో పాత కాలపు సీసం, కొత్త కాలపు సీసం పోల్చి చూపించాడు. 1965లో గట్టిగా రాశాడు. పరిశోధనకు వచ్చే నిధులు ఆగాయి. 1971లో గాలిలో సీసం మీద అమెరికాలో వేసిన జాతీయ సంఘంలో ఆయనకు చోటే ఇవ్వలేదు. ఆ విషయం ఆయనకంటే బాగా తెలిసినవాడు అప్పట్లో లేడు!

ప్రపంచంలో వాహనాలకు సీసం పెట్రోలు అమ్మిన చివరి దేశం అల్జీరియా. అక్కడ 2021లో ఆగింది. మిడ్జ్‌లీ మొదలుపెట్టాక సరిగ్గా వందేళ్లకి. పాడు చేయడానికి ఒకడు చాలు, బాగు చేయడానికీ ఒకడే మొదలుపెట్టాడు కానీ పట్టే కాలం చూడండి.

రెండోబెంచి
ప్యాటర్సన్ గురించి తెలియదు, గొప్పగా చెప్పారు. అయినా ఒక్క మాట. 1970లో అమెరికాలో పర్యావరణ సంస్థ పెట్టారు. పిల్లల వైద్యులు సీసం మీద విడిగా పోరాడారు. కార్లలో పొగను శుద్ధి చేసే కన్వర్టర్లు వచ్చాయి, సీసం ఉంటే అవి పాడైపోతాయి, అందుకని కంపెనీలే సీసం వద్దనే పరిస్థితి వచ్చింది. ఇవన్నీ లేకుండా ప్యాటర్సన్ ఒక్కడే ఏం చేసేవాడు?

మౌనప్రేక్షకుడు
ఒక్కడే చేశాడని నేను అనలేదండీ. ఆయన కొలతలు లేకపోతే ఆ వైద్యుల చేతిలో, ఆ సంస్థ చేతిలో ఏముండేది? “గాలిలో సీసం ప్రకృతి సహజమే” అని పరిశ్రమ తరఫు శాస్త్రవేత్త దశాబ్దాలుగా చెప్తుంటే, కాదని అంకెలతో చెప్పింది ఈయన.

శంఖం
ఇద్దరు సోవియట్ అధికారుల గురించి చెప్తా. రెండోబెంచి దీనికి ఏం జవాబిస్తారో చూడాలి.

1962 అక్టోబర్ 27. క్యూబాలో సోవియట్ అణు క్షిపణుల మీద అమెరికాతో గొడవ ముదిరిన క్యూబా సంక్షోభం. బి-59 అనే జలాంతర్గామి నీళ్ల అడుగున ఉంది. మాస్కోతో సంబంధం తెగిపోయింది. లోపల భరించలేని వేడి. పైనుంచి అమెరికన్ నౌకలు హెచ్చరికగా చిన్న బాంబులు వేస్తున్నాయి. యుద్ధం మొదలైందనుకున్న కెప్టెన్ అణు టార్పెడోకి సిద్ధమయ్యాడు. ఆ దళానికే పెద్ద అధికారి వాసిలీ అర్ఖిపోవ్ ఆ రోజు అదే జలాంతర్గామిలో ఉన్నాడు. వద్దన్నాడు. కెప్టెన్‌కి నచ్చజెప్పి పైకి తేల్పించాడు. మిగతా జలాంతర్గాముల్లో ఆయన లేడు.

1983 సెప్టెంబర్ 26. స్తానిస్లావ్ పెట్రోవ్ సోవియట్ క్షిపణి హెచ్చరిక కేంద్రంలో డ్యూటీలో ఉన్నాడు. అమెరికా నుంచి క్షిపణులు బయల్దేరాయని కంప్యూటరు చెప్పింది, ముందు ఒకటి, తర్వాత మొత్తం ఐదు. యుద్ధం మొదలుపెట్టేవాడు ఐదింటితో మొదలుపెట్టడు కదా అనుకుని, తప్పుడు హెచ్చరిక అని పైవాళ్లకి చెప్పాడు. మేఘాల మీద పడిన సూర్యకాంతిని ఉపగ్రహం క్షిపణులుగా పొరబడిందని తర్వాత తేలింది.

ఈ రెండు చోట్లా “ఇంకొకడు” ఉండి ఉంటే?

గాలిపటం
ఇది చదివాక టీ చల్లారిపోయింది, పట్టించుకోలేదు.

తులసివనం
శంఖం గారూ, పెట్రోవ్ మీద నాకూ గౌరవమే. కానీ “ప్రపంచాన్ని కాపాడిన మనిషి” అన్న బిరుదు కాస్త ఎక్కువ. ఆయన చేతిలో మీట లేదు. ఆయన పైకి చెప్పాలి, ఆ పైవాళ్లు ఇంకా పైకి చెప్పాలి, ఆ మెట్లలో ఎక్కడో అక్కడ ఎవరో ఒకరు రాడార్లలో ఏమీ కనపడట్లేదు కదా అని ఆగేవారేమో.

శంఖం
ఆగేవారేమో. ఆగకపోయేవారేమో. అప్పటికి మూడు వారాల ముందే, సెప్టెంబర్ 1న, దారి తప్పిన కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ సైన్యం కూల్చేసింది. 269 మంది పోయారు. ఆ మెట్ల మీద ఉన్నవాళ్ల మానసిక స్థితి అది. అలాంటి చోట పెట్రోవ్ నిబంధన ప్రకారం “దాడి” అని చెప్పేసి చేతులు దులుపుకోవచ్చు. ఎవరూ తప్పుపట్టరు. తప్పని తేలితే శిక్ష పడే దారి ఎంచుకున్నాడు.

రెండోబెంచి
సరే శంఖం, ఇది నా వాదంలో పట్టదు. క్షణాల్లో నిర్ణయం తీసుకోవాల్సిన చోట ఆ కుర్చీలో ఎవరున్నారన్నదే ముఖ్యం. అది ఒప్పుకుంటా. కానీ ఇలాంటివి ఎన్ని ఉంటాయి?

ఉత్తరాయణం
బోలెడు ఉంటాయి రెండోబెంచి గారూ, మనకి తెలియవు అంతే. జరగని ప్రమాదం వార్త కాదు.

నేను మందుల తయారీలో నాణ్యత విభాగంలో పనిచేస్తాను. మా శిక్షణలో మొదటి రోజే చెప్పిన పేరు ఫ్రాన్సిస్ కెల్సీ. 1960లో అమెరికా మందుల నియంత్రణ సంస్థలో కొత్తగా చేరారు. మొదట్లోనే ఆమె బల్ల మీదకి వచ్చిన ఫైలు థాలిడోమైడ్. అప్పటికే యూరప్‌లో విచ్చలవిడిగా అమ్ముతున్నారు, గర్భిణులకు వేవిళ్లకి కూడా. అమెరికాలో సంతకం నామమాత్రం అనుకున్నారు అందరూ. ఆమె ఆధారాలు చాలవన్నారు. కంపెనీ మనుషులు ఫోన్లు చేశారు, ఆఫీసుకి వచ్చారు, పైఅధికారులకు ఫిర్యాదు చేశారు. ఆమె మళ్లీ ఆధారాలే అడిగారు. 1961 చివరికి అసలు సంగతి బయటపడింది. ప్రపంచం మొత్తం మీద 10 వేల మందికి పైగా పిల్లలు చేతులూ కాళ్లూ సరిగ్గా ఏర్పడకుండా పుట్టారు. అమెరికాలో మాత్రం కంపెనీ ముందే పంచిన శాంపిళ్ల వల్ల జరిగిన కొద్ది కేసులే. మందు పనిచేస్తుందని రుజువు చూపాకే అమ్మాలన్న చట్టం అక్కడ 1962లో వచ్చింది. మిగతా దేశాలూ తమ నియమాలు బిగించాయి.

నా విషయానికొస్తే, ఒకసారి ఒక బ్యాచ్ విడుదల ఆపాను. నాలుగు వైపుల నుంచీ ఒత్తిడి. “నువ్వు సంతకం పెట్టకపోతే ఇంకొకరు పెడతారు” అని మొహం మీదే అన్నారు. ఇసుకగడియారం గారు ఈ చర్చకు పెట్టిన పేరు చూడగానే లోపలికి వచ్చింది అందుకే. పెడితే పెట్టుకోమన్నాను. తిరిగి పరీక్ష చేయించారు, ఆ బ్యాచ్ బయటికి వెళ్లలేదు. దానివల్ల ఎవరికైనా మేలు జరిగిందా అంటే చూపించలేను. ఆ మందు వేసుకోని మనిషి ఎవరో నాకెలా తెలుస్తుంది?

చిలకపచ్చ
ఉత్తరాయణం గారూ, చేతులెత్తి దండం.

పత్తిపువ్వు
ఒప్పుకుని తీరాల్సిన వ్యతిరేక ఉదాహరణ ఒకటి చెప్తా, కోప్పడకండి. జోసెఫ్ రోట్‌బ్లాట్. అమెరికా అణుబాంబు పథకంలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. జర్మనీ బాంబు చేయట్లేదని తెలిశాక, 1944 చివర్లో, నాకీ పని వద్దని వెళ్లిపోయాడు. మనస్సాక్షి కోసం అలా మధ్యలో వదిలి వెళ్లింది ఆయనొక్కడే అంటారు. ఆయన వెళ్లిపోయినా బాంబు తయారైంది. హిరోషిమా మీద పడింది. ఇక్కడ “వాడు కాకపోతే ఇంకొకడు” అక్షరాలా నిజమైంది కదా?

శంఖం
నిజమైంది. అయితే ఆయన ఇంటికెళ్లి కూర్చోలేదు. 1957 నుంచి పగ్వాష్ సమావేశాలు నడిపించాడు. రెండు శిబిరాల శాస్త్రవేత్తలు మాట్లాడుకోవడానికి వేరే చోటు లేని రోజుల్లో అది వేదికైంది. 1995లో ఆయనకీ, ఆ సంస్థకీ కలిపి శాంతి నోబెల్. ఆయన అక్కడే ఉండిపోయి ఉంటే ఇది మొదలుపెట్టే నైతిక హక్కు ఉండేదా?

పత్తిపువ్వు
అది ఒప్పుకుంటా. అయినా వెళ్లిపోవడం వల్ల బాంబు ఆగలేదన్న మాట మీద నిలబడతా. మనం చేసిన ప్రతి మంచి పనికీ ఫలితం ఉండి తీరాలని పట్టుబడితే, ఫలితం కనపడని చోట మంచి పని మానేయడానికి సాకు దొరుకుతుంది.

గాలిపటం
1914 జూన్ 28, సరయేవో. ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ డ్రైవరు దారి తప్పి కారు ఆపాడు, ఎదురుగా గావ్రిలో ప్రిన్సిప్. రెండు తూటాలు. మొదటి ప్రపంచయుద్ధం. 19 ఏళ్ల కుర్రాడు! దీనికి మించిన ఉదాహరణ ఉందా?

రెండోబెంచి
గాలిపటం, అది నా వైపు ఉదాహరణ :) ఎండుగడ్డి వామి సిద్ధంగా ఉంది, అగ్గిపుల్ల ఎవరిదైతేనేం. ఒప్పందాలు, ఆయుధాల పోటీ, బాల్కన్ గొడవలు. అంతకు ముందు రెండేళ్లలో అక్కడ రెండు యుద్ధాలు జరిగాయి.

లెక్కలమాస్టారు
ఆ వాదం 1914కి కొంత సరిపోతుంది. 1933కి సరిపోదు. “జర్మనీ పరిస్థితులే హిట్లర్‌ని తెచ్చాయి” అని తేలిగ్గా అంటారు. 1932 జూలై ఎన్నికల్లో నాజీలకు 37 శాతం ఓట్లు. నవంబర్‌కి 33కి పడిపోయాయి. జనంలో ఊపు తగ్గుతున్న సమయంలో, ఫాన్ పాపెన్ లాంటి ఒకరిద్దరు పెద్దమనుషులు “మనం అదుపులో పెట్టుకుంటాం” అని ముసలి అధ్యక్షుడు హిండెన్‌బర్గ్‌ని ఒప్పించి 1933 జనవరి 30న హిట్లర్‌ని ఛాన్సలర్‌ని (ప్రధానిని) చేశారు. కరువు, నిరుద్యోగం, ఓటమి అవమానం అన్నీ ఉన్నమాట నిజమే, తలుపు తీసింది మాత్రం పేర్లున్న మనుషులు. పరిస్థితుల మీదకి నెట్టేస్తే ఆ మనుషులు తప్పించుకుంటారు. ఇసుకగడియారం గారి మొదటి ఫిర్యాదు నాకు నచ్చింది ఇందుకే.

ఇంకో పేరు చెప్పాలి. గియోర్గ్ ఎల్జర్, వడ్రంగి. ఏ పార్టీ అండా లేకుండా మ్యూనిక్‌లో హిట్లర్ ప్రసంగించే హాలు స్తంభంలో రాత్రుళ్లు దాక్కుని బాంబు అమర్చాడు. 1939 నవంబర్ 8. పొగమంచు వల్ల విమానం కుదరక, రైలు కోసం హిట్లర్ ప్రసంగం తొందరగా ముగించాడు. వెళ్లిన 13 నిమిషాలకి పేలింది. ఎనిమిది మంది చనిపోయారు, హిట్లర్ కాదు.

తులసివనం
ఆ ఎనిమిది మందిలో అక్కడ పనిచేస్తున్న అమ్మాయి కూడా ఉంది మాస్టారూ. అది కూడా రాయాలి.

లెక్కలమాస్టారు
రాయాలి. నిజం.

వెన్నెలబాట
మీ అందరి ఉదాహరణల్లో ఒక లోటు కనిపిస్తోంది. ఒక్కొక్క కథలో ఒక్కొక్క వీరుడు. రోజా పార్క్స్ కథ చెప్పుకునే తీరు కూడా అంతే: అమెరికాలో అలసిపోయిన ఒక నల్లజాతి మహిళ బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనంది, దేశం మారిపోయింది. జరిగింది అది కాదు.

1955 మార్చిలో, పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందు, అదే మాంట్‌గమరీ ఊళ్లో క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ల పిల్ల లేవనంది. అరెస్టు చేశారు. నాయకులు ఆ కేసు చుట్టూ ఉద్యమం కట్టడానికి వెనకాడారు. డిసెంబర్ 1న పార్క్స్ అరెస్టయ్యారు. ఆవిడ అప్పటికే ఏళ్ల తరబడి హక్కుల సంఘంలో పనిచేస్తున్న మనిషి, అలసట కథ ఒట్టిది. ఆ రాత్రి జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ ఉపాధ్యాయురాలు, ఇద్దరు విద్యార్థుల్ని తోడు తీసుకుని, కాలేజీ యంత్రం మీద తెల్లారేదాకా వేలకొద్దీ కరపత్రాలు అచ్చేసింది. సోమవారం బస్సులెక్కొద్దు అని. ఆ కాగితాలు లేకపోతే ఆ అరెస్టు కూడా కాల్విన్ అరెస్టులాగే కోర్టు దస్త్రంలో ఉండిపోయేది. తర్వాత 381 రోజులు నడిచి పనికి వెళ్లింది ఎవరు? ఇళ్లల్లో పనిచేసుకునే ఆడవాళ్లు. బస్సుల్లో వేర్పాటు చెల్లదని తేల్చిన కేసులో వాదుల పేర్లు చూస్తే పార్క్స్ లేరు, కాల్విన్ ఉంది.

పార్క్స్‌ని తక్కువ చేయట్లేదు. ఆవిడ ధైర్యం ఆవిడదే. నేననేది, “ఒక్క మనిషి” అని మనం చూపించే ప్రతి చోటా పక్కన నలుగురు ఉన్నారు, వాళ్లలో ప్రతి ఒక్కరూ మళ్లీ ఒక్క మనిషే. రాబిన్సన్ ఆ రాత్రి పొద్దున్న చూద్దాంలే అనుకుని పడుకుని ఉండొచ్చు.

రెండోబెంచి
వెన్నెలబాట గారూ, ఈ చర్చలో నాకు బాగా నచ్చిన పోస్టు ఇదే. నేను “పరిస్థితులు” అంటున్నది బహుశా ఈ నలుగురినే.

వెన్నెలబాట
అలాగైతే “పరిస్థితులు” అనకండి, పేర్లు చెప్పండి. పేరు పోతే వాళ్లు చేసింది కూడా దానంతటదే జరిగినట్టు అయిపోతుంది.

కొత్తనీరు
పేరు పోవడం అంటే గుర్తొచ్చింది. మా అమ్మ కీళ్లవాతానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటుంది. దాని వెనక యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారని చెప్తే, డాక్టరు గారు కూడా ఆశ్చర్యపోయారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, దాన్ని అడ్డుకునే మందులు, అన్నీ అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం పనే. ఆ మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లల్లో వ్యాధిని మొదటిసారి తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గించగలిగాడు. దాని తర్వాత వచ్చిందే మెథోట్రెక్సేట్. బోదకాలుకి వాడే డైఇథైల్ కార్బమజైన్ కూడా ఆ బృందానిదే. 1948లో 53 ఏళ్లకే పోయారు.

రెండోబెంచి
సుబ్బారావు గారు ఫిస్క్‌తో కలిసి ఏటీపీని (కణాలకు శక్తినిచ్చే పదార్థం) కనుక్కున్న సమయంలోనే, 1929లో, జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నాడు. ఇది కూడా జంట ఆవిష్కరణే. అయితే మాస్టారు చెప్పిన ఆలస్యం లెక్క ఇక్కడ గట్టిగా వర్తిస్తుంది. ఆ పిల్లలకి పదేళ్లు ఆగే సమయం లేదు.

నీలిసిరా
చెడు చేసినవాళ్లలో సోవియట్ వ్యవసాయ శాస్త్రవేత్త లైసెంకో పేరు ఎవరూ అనలేదేంటి? జన్యుశాస్త్రం అబద్ధమన్నాడు, స్టాలిన్ ఆయనకి అండగా నిలబడ్డాడు, ఆ నీడలో ఒక దేశపు జీవశాస్త్రం దశాబ్దాలు వెనక్కి పోయింది. ప్రపంచమంతా తిరిగి విత్తనాలు సేకరించిన నికొలాయ్ వావిలోవ్‌ని 1940లో అరెస్టు చేశారు, 1943లో సరాతోవ్ జైల్లో చనిపోయాడు. కరువులు లేకుండా చేయాలని తిరిగిన మనిషి, జైల్లో తిండి లేక కృశించి.

లైసెంకో ప్రయోగశాలలో ఎవరినీ చంపలేదు. పైవాళ్లు వినాలనుకున్నది చెప్పాడు, అంతే. చెడు ఎక్కువగా ఈ దారిలోనే జరుగుతుందని నా నమ్మకం.

పత్తిపువ్వు
నర్సుగా చేస్తున్నాను కాబట్టి పెద్ద పేరు కాని ఒకరి గురించి చెప్తా. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్. 14 ఏళ్లప్పుడు పెద్ద ఆపరేషన్ జరిగి, ముక్కూ మొహం తెలియనివాళ్ల రక్తంతో బతికాడు. పెద్దయ్యాక నేనూ ఇస్తానన్నాడు. 1954లో మొదలుపెట్టి 81 ఏళ్లు వచ్చేదాకా, 2018 వరకు, 1,173 సార్లు ఇచ్చాడు. ఆయన ప్లాస్మాలో యాంటీ-డి అనే అరుదైన ప్రతిరక్షకం ఉండేది. ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లుల కడుపులోని బిడ్డల్ని కాపాడే ఇంజెక్షన్ దాన్నుంచే. 24 లక్షల మంది పిల్లలకి ఆయన దానం ఉపయోగపడిందని అక్కడి అంచనా. సూదంటే భయం, గుచ్చేటప్పుడు ఎప్పుడూ అటు చూసేవాడు కాదట. ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లి పక్కన నిలబడి ఆ ఇంజెక్షన్ ఇస్తుంటే నాకు ఆయనే గుర్తొస్తాడు.

ఇసుకగడియారం
ఇన్ని వస్తాయనుకోలేదు. ఉత్తరాయణం గారి పోస్టు, వెన్నెలబాట గారి పోస్టు రెండుసార్లు చదివాను. ఒక సందేహం మిగిలింది. వందల మంది చేతులు పడిన పనిలో ఎవరి వాటా ఎంత అని ఎలా చెప్తాం? ఉదాహరణకి మశూచి నిర్మూలన.

తులసివనం
వాటాలు పంచడం కుదరదనుకుంటా, కానీ ఎవరు ఎక్కడ నిలబడ్డారో చెప్పొచ్చు. 1796లో జెన్నర్ టీకా. అది ఉండి కూడా మశూచి ఇంకా నూట ఎనభై ఏళ్లు మనుషుల్ని చంపింది. 1958లో ప్రపంచ ఆరోగ్య సభలో సోవియట్ ప్రతినిధి విక్టర్ జ్దానోవ్ భూమ్మీద లేకుండా చేద్దామని ప్రతిపాదించాడు. తర్వాత ఆ పథకాన్ని అమెరికన్ హెండర్సన్ నడిపించాడు, ప్రచ్ఛన్నయుద్ధం జోరుగా సాగుతున్న రోజుల్లో. ఆపైన ఊరూరా తిరిగిన వేలమంది టీకా కార్యకర్తలు. 1980లో నిర్మూలన ప్రకటించారు.

నాకు వీళ్లందరికంటే అలీ మావ్ మాలిన్ మీద ఎక్కువ ఆసక్తి. సొమాలియాలో ఆసుపత్రి వంటవాడు. టీకా నొప్పెడుతుందని తప్పించుకు తిరిగాడు. 1977 అక్టోబర్‌లో ఇద్దరు రోగుల్ని తీసుకెళ్తున్న బండికి దారి చూపించడానికి కాసేపు ఎక్కాడు, అంటుకుంది. సహజంగా మశూచి సోకిన చివరి మనిషి ఆయనే. ఆయన్ని కలిసినవాళ్లందర్నీ వెతికి, చుట్టుపక్కల టీకాలు వేశారు. ఆయన్నుంచి ఎవరికీ పాకలేదు. తర్వాత పోలియో చుక్కల ప్రచారంలో చేరి, వద్దన్న తల్లిదండ్రులకి తన కథే చెప్పేవాడు.

రెండోబెంచి
మాలిన్ సంగతి ఇప్పుడే వింటున్నా. చుట్టుపక్కల అంటే ఎంతమందికి వేశారు?

తులసివనం
రెండు వారాల్లో 50 వేల మందికి పైగా. ఇల్లిల్లూ తిరిగారు, ఊళ్లోకి వచ్చే దారుల్లో కాపలా పెట్టి మరీ వేశారు. వాళ్ల పేర్లు ఎక్కడైనా దొరుకుతాయేమో వెతుకుతున్నా వెన్నెలబాట గారూ, దొరికితే ఇక్కడే పెడతా.